పరదాకు అటొకాయన, ఇటొకాయన

గల్ఫుకు బయలుదేరే పిల్లలు కోరుట్లలో మా ఇంటికి వచ్చి నన్ను కొన్ని ప్రశ్నలు అడుగుతుంటారు. ఎండ ఎట్లుంటది కాకా, తిండి ఎట్లుంటది, సెలవులు ఇస్తరా. వీటికి నా దగ్గర తయారుగా జవాబులున్నాయి. ఈ మధ్య టీవీల్లో సరిహద్దు వార్తలు మళ్లీ వేడెక్కాయి కాబట్టి కొత్త ప్రశ్న ఒకటి మొదలైంది. "పాకిస్తానోళ్ల పక్కన రూమిస్తే ఏం జెయ్యాలె కాకా?"

చెవుల్లో దూది పెట్టుకోండి అని చెబుతాను. ముసలాయన వెటకారం చేస్తున్నాడనుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతారు. వెటకారం కాదు. అనుభవం మీద చెప్పే మాట. దాని వెనక ఉన్న సంగతి వినే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. విమానం కోసం కూర్చున్నప్పుడు చదువుకోండి.

నేను అక్కడ క్యాంపు బాసుని. ఈ మాట వినగానే మీ కళ్లముందు పెద్ద కుర్చీ, ఏసీ గది కనిపిస్తే తప్పు మీది కాదు. మా అత్తగారు కూడా అట్లాగే అనుకుని, అల్లుడు బాసైండని మల్యాల దాకా చుట్టాలందరికీ చెప్పుకొచ్చింది. కూలీలు ఉండే క్యాంపులో ఏ పైపు కారుతోంది, ఏ పాయిఖానా జామైంది, ఎవరి గురకకు ఎవరు నిద్రపోవడం లేదు, ఇవి చూసేవాడు క్యాంపు బాసు. అందరూ తిట్టడానికి కంపెనీ నియమించిన మనిషి అన్నా సరిపోతుంది.

మా క్యాంపులో రేకుల గదులు రెండు వరసలు. ఒక వరసలో మనవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల. ఎదుటి వరసలో పాకిస్తాన్ వాళ్లు. నడుమ అందరికీ కలిపి ఒక్కటే మెస్సు. ఒక గోడ పొడుగునా పొయ్యిలు, వాళ్ల తందూరు. ఎదుటి గోడ పొడుగునా నీళ్ల నల్లాలు. మధ్యలో బల్లలు, చివర ఒక టీవీ. మన మామిడికాయ తొక్కు అటు పోయేది, వాళ్ల వేడి రొట్టెలు ఇటు వచ్చేవి. మన కారం తిని వాళ్లు దగ్గితే మనవాళ్లు ముసిముసిగా నవ్వేవారు. మనవాళ్లు వాళ్ల రొట్టెను అన్నంలో నంజుకుంటుంటే వాళ్లు నోరెళ్లబెట్టి చూసేవారు. బాగానే గడిచేది.

అప్పుడు ఒక ఎండాకాలంలో సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. మేం ఆ సరిహద్దును ఎన్నడూ చూసినవాళ్లం కాదు. కానీ టీవీ ఉంది కదా, అది తెచ్చి మా మెస్సులో పెట్టింది. ముందు తొక్కు ఆగిపోయింది. తరువాత రొట్టెలు ఆగిపోయాయి. చివరికి ఒకరి గంటె ఒకరు ముట్టుకుంటే కడుక్కునే దాకా వచ్చింది.

ఇక్కడ ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మన సిరిసిల్లాయన. సన్నటి మనిషి, కడ్డీలు కట్టే పని. సిరిసిల్లలో ఆయన సాంచె నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పని లేక సాంచెలు ఆగిపోయిన రోజుల్లో ఆయన పక్కింటి నేతగాడు ఉరి పోసుకున్నాడు. ఆ శవాన్ని దించిన చేతుల్లో ఈయనవీ ఉన్నాయి. ఇంటికి వచ్చి గోడకు ఒరిగి కూర్చుంటే, బీడీలు చుట్టుకునే ఆయన భార్య చేట పక్కన పెట్టి, "ఏ దేశమన్న పో. నువ్వు బతికుంటే సాలు" అన్నదట. అట్లా వచ్చినవాడు. ఒకసారి నాతో అన్నాడు. "సాంచె సప్పుడు ఎంతున్న నిద్ర వట్టేది అన్నా. సప్పుడు బందైనంకనే నిద్ర వట్టలే. మల్ల గా గల్లీకి వోవాలంటే నాకు బయమైతది."

రెండో ఆయన ఫైసలాబాద్ వాడు. పొడుగాటి మనిషి, నెరిసిన గడ్డం, చెక్కలు కొట్టే పనిలో ఉండేవాడు. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే మాత్రం రేకులు అదిరేవి. పొగరుబోతు అని మనవాళ్లు తీర్మానించారు. మన సిరిసిల్లాయన మాట్లాడినా రేకులు అదిరేవి. ఆయనను మాత్రం అమాయకుడు అనేవారు. మనవాడు కదా.

వీళ్లిద్దరూ టీవీకి మొదటి వరస. మనాయన రిమోటు తీసుకుని మన వార్తలు పెట్టి సౌండు పెంచేవాడు. ఫైసలాబాదాయన లాక్కుని వాళ్ల వార్తలు పెట్టి ఇంకా పెంచేవాడు. వెనక ఉన్న రెండు దేశాలూ ఇది గౌరవానికి సంబంధించిన విషయమని గుండెలు పొంగించుకుని చూసేవి. ఒక శుక్రవారం రిమోటు పెనుగులాటలో మనాయన పళ్లెం బోర్లాపడి పప్పంతా ఫైసలాబాదాయన ఇస్త్రీ బట్టల మీద పడింది. ఇద్దరి చేతులూ లేచాయి. వెనక బల్లలు కూడా లేచాయి. నేను మధ్యలో దూరి రెండు వైపుల నుంచీ న్యాయంగా సమానంగా దెబ్బలు తిన్నాను.

మరునాడు మేనేజరు వచ్చాడు. ఆయన మన దేశమూ కాదు, వాళ్ల దేశమూ కాదు. ఏ గదిలోకి వచ్చినా ముందు ఆయన పొట్ట వచ్చేది, కాసేపటికి ఆయన వచ్చేవాడు. అందరినీ నిలబెట్టి చెప్పాడు. ఇకమీదట ఎవరి చెయ్యి లేచినా ఆ చెయ్యి గల మనిషి నేరుగా ఇంటికే. ఆ మాట అంటూ మనాయన వైపు, ఫైసలాబాదాయన వైపు వేలు చూపించాడు. సిరిసిల్లాయన ముఖం పాలిపోయింది. అందరూ కొలువు పోతుందని భయపడతారు. ఈయన భయం వేరని నాకొక్కడికే తెలుసు. ఆ చప్పుడు లేని గల్లీ ఆయన కళ్లల్లో కనిపించింది.

పోతూ పోతూ మేనేజరు నాకో పని అప్పగించాడు. మెస్సును రెండుగా చెయ్యి అన్నాడు.

చెయ్యమంటే చెయ్యడం నా స్వభావం. టేపు తెచ్చి కొలిచాను. ఇటు వెంట్రుకంత ఎక్కువ లేదు, అటు వెంట్రుకంత తక్కువ లేదు. సరిగ్గా నడిమధ్యన, పొడుగునా తాడు కట్టించాను. అంత న్యాయమైన సరిహద్దు లోకంలో ఇంకోటి ఉండదని నా నమ్మకం. వంట మొదలయ్యేసరికి తెలిసింది. నల్లాలన్నీ మనవైపు వచ్చాయి. పొయ్యిలన్నీ వాళ్లవైపు పోయాయి. మనవాళ్లు కడిగిన బియ్యం పట్టుకుని నిలబడ్డారు. వాళ్లు పొడి పిండి ముందు కూర్చున్నారు. అడ్డంగా కట్టకపోయావా అని మీరడగొచ్చు. ఉన్నది ఒక్కటే తలుపు, అడ్డంగా కడితే ఒకరికి అదీ ఉండదు.

చివరికి ఆకలే దారి చూపింది. తాడు కింద నుంచి ఒక బకెట్టు నీళ్లు అటు పోయింది. ముఖం పక్కకు తిప్పుకుని తోశారు. కాసేపటికి మన బియ్యం గిన్నె అటు పోయింది, ఉడికి వచ్చింది. మాటల్లేవు, చూపుల్లేవు. గిన్నెలు మాత్రం పొద్దంతా ఒకరి ఇంటికి ఒకరు పోయి వచ్చాయి.

మేనేజరు వచ్చి చూసి తాడు పనికిరాదన్నాడు. ముఖాలు కనబడితే కొట్లాట వస్తుంది, పరదా కట్టు అన్నాడు. స్టోరులో మందపాటి కాన్వాసు బట్ట దొరికింది. పన్నా తక్కువ, అంటే వెడల్పు చాలదు. రెండు బట్టలు ఒకదాని కింద ఒకటి కలిపి కుడితే గానీ కింది దాకా రాదు. సూదిపని వచ్చినవాళ్లను చెరొకరిని పంపమని రెండు వైపులా అడిగాను. మనవాళ్లు ఒక్క గొంతుతో, "బట్ట సంగతంటే సిరిసిల్లాయనకే ఎరుక" అన్నారు. అటు నుంచి ఎవరొస్తారా అని చూస్తే, గడ్డం నిమురుకుంటూ ఫైసలాబాదాయన లేచి వస్తున్నాడు. ఇంకెవరినైనా పంపండి అంటే వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. కుట్టు తెలిసినవాడు ఆయనేనట.

కుట్టేది దబ్బనంతో. గోనెసంచులు కుట్టే ఆ లావుపాటి సూదిని ఇద్దరు శత్రువుల చేతికి ఇవ్వాల్సిన బాధ్యత నాది. బట్టను తాడు మీద వేలాడదీశాం. అటొక స్టూలు, ఇటొక స్టూలు. ఈయన ఇటు నుంచి గుచ్చితే ఆయన అటు లాగి మళ్లీ ఇటు గుచ్చాలి. నేను పక్కన కూర్చుని కాపలా కాశాను. సిరిసిల్లాయన నన్ను దగ్గరకు పిలిచి, తనకు గుసగుస అనిపించే గొంతుతో, "గాయిన నా వేలుకు గుచ్చిండనుకో, నేను సప్పుడు జెయ్య అన్నా. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. ఆ గుసగుస క్యాంపు గేటు దాకా వినిపించింది.

అంతలో నీళ్ల ట్యాంకరు వచ్చిందని నన్ను పిలిచారు. వెళ్లాను. వెళ్లకూడదు, కానీ నీళ్లు దింపుకోకపోతే రెండు దేశాలూ కలిసి నన్ను కొడతాయి.

నేను లేనప్పుడు జరిగింది తరువాత ఇద్దరూ విడివిడిగా చెప్పారు, రెండూ కలిశాయి కాబట్టి నిజమే అయ్యుంటుంది. దబ్బనం అటూ ఇటూ తిరిగింది, ఎవరి వేలుకూ తగల్లేదు. సిరిసిల్లాయన ఆ కాన్వాసును రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి తనలో తాను తిట్టుకున్నాడు. "థూ, గిదొక బట్టనా. గిది నేసినోనికి సిగ్గుండాలె." పరదా అవతల ఫైసలాబాదాయన కూడా అప్పుడే ఆ బట్టను గోటితో గీరి తన భాషలో అదే మాట అంటున్నాడు. అంతలో దారం తెగింది. అటు నుంచి కుట్టు సందులోంచి ఒక చెయ్యి ఇటు వచ్చింది. తెగిన కొసలు రెండూ పట్టుకుని, బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పి ముడి వేసింది.

సిరిసిల్లాయన ఆ ముడి చూసి లేచి నిలబడ్డాడు. మామూలు మనుషులు దారానికి అట్లా ముడి వెయ్యరు. ఎదురుగా మగ్గం ఆడుతుంటే, అది ఆగేలోపు తెగిన పోగు కలిపేవాళ్లే అట్లా వేస్తారు. పరదాను తాడు మీంచి గుంజి కింద పడేశాడు.

"నువ్వు సాంచె మీద జేసినవా?" అని తెలుగులోనే అడిగాడు.

ఆయనకు తెలుగు రాదు. కానీ ఈయన రెండు చూపుడువేళ్లు కలిపి టక్కున విడదీశాడు. సాంచెల షెడ్డులో ఆ చప్పుడుకు మాట వినబడదు, అక్కడ అన్నీ సైగలే. వేళ్లు విడదీస్తే పోగు తెగిందని. ఫైసలాబాదాయన కళ్లు పెద్దవి చేసి, గాలిలో బొటనవేలు తిప్పాడు. ముడెయ్యి అని. ఈయన దోసిలి పెదవుల దగ్గర పెట్టాడు. చాయ్ అని. ఆయన తల ఊపి, అరచెయ్యి పొట్ట ముందు గుండ్రంగా తిప్పాడు. సేటు వస్తున్నాడు, తల వంచి పని చెయ్యి అని. సిరిసిల్లలోనూ సేటుకు అదే సైగ. సేట్ల పొట్టలు ఏ దేశంలోనైనా ఒక్కటే కదా. ఇద్దరూ నవ్వారు. ఆ పైన వచ్చీరాని హిందీలో మాటలు మొదలయ్యాయి.

ఆ మాటలే మాకు ట్యాంకరు దగ్గర వినిపించాయి. మాకు అంటున్నాను, ఎందుకంటే సరిగ్గా అప్పుడే మేనేజరు కారు దిగాడు. మెస్సులోంచి కేకలు. ఒకదాన్ని మించి ఒకటి. మేనేజరు పరుగెత్తాడు. ఆయన వెనక నేను దేవుళ్లందరికీ మొక్కుకుంటూ పరుగెత్తాను. కిటికీలోంచి చూస్తే పరదా కింద పడి ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. నాలుగు చేతులూ గాలిలో ఉన్నాయి.

"చేతులు," అన్నాడు మేనేజరు నా వైపు తిరిగి. అంతే అన్నాడు. ఆ ఒక్క మాటతో సిరిసిల్లాయన ఇంటికి పోయినట్టే.

మేం తలుపులోకి వచ్చేసరికి ఫైసలాబాదాయన మమ్మల్ని చూసి పొట్ట ముందు చెయ్యి తిప్పాడు. మరుక్షణం ఇద్దరూ స్టూళ్ల మీద ఉన్నారు, కాన్వాసు ఒళ్లో ఉంది, తలలు వంగి ఉన్నాయి. అచ్చం బడిపిల్లలే.

"ఎవరు అరిచింది?" అన్నాడు మేనేజరు హిందీలో. కుడుతున్నారు. "ఇద్దరికీ రేపే టికెట్టు." కుడుతున్నారు. ఫైసలాబాదాయన దారం పళ్లతో కొరికి తృప్తిగా కుట్టు చూసుకున్నాడు. మేనేజరు ముఖం ఎర్రబడింది. తనను లెక్కచెయ్యడం లేదనుకున్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఇన్నాళ్ల టీవీ సౌండు, రేకులు అదిరే మాటలు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. "సాబ్, వీళ్లకు వినబడదు. కావాలంటే మామూలుగా ఒక్కసారి చాయ్ అనండి" అన్నాను. ఆయన పిచ్చివాణ్ని చూసినట్టు నన్ను చూశాడు. అయినా అన్నాడు. "చాయ్."

పక్క గదుల్లో నిద్రపోతున్నవాళ్లు తలుపులు తీసిన చప్పుడైంది. ఎదురుగా ఉన్న ఈ ఇద్దరు మాత్రం తల ఎత్తలేదు. చాయ్ అంటే తిరిగి చూడని మనిషి మా క్యాంపులో చెవిటివాడు తప్ప ఇంకొకడు ఉండడు. మగ్గాలు ఇద్దరి చెవులనూ తినేశాయి. రిమోటు కోసం కొట్లాడింది దేశాల కోసం కాదు. ఇద్దరికీ వినబడక పెంచుకున్నారు, ఎదుటివాడు తనను రెచ్చగొట్టడానికి పెంచుతున్నాడని ఇద్దరూ అనుకున్నారు.

నేను భుజం తట్టి సంగతి చెబితే ఇద్దరూ లేచారు. ఫైసలాబాదాయన మేనేజరు ముందుకు వచ్చి, రేకులు అదిరేలా చెప్పాడు. చెయ్యి ఎత్తింది కొట్టడానికి కాదు, తన మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె ఎగిరి ఎంత దూరం పడిందో చూపించడానికి. "ఎవర్నన్నా పంపాల్సిందేనంటే నన్ను పంపండి సాబ్. ఇతని ఊళ్లో మగ్గాలు ఆగిపోయినయట. మా ఊళ్లో ఇంకా కొన్ని తిరుగుతున్నయి." ఆయన ఉర్దూలో అన్నది నేను మన మాటలో రాస్తున్నాను.

సిరిసిల్లాయనకు సగమే వినబడింది. "ఏమంటుండే అన్నా?" అని నన్ను అడిగాడు. చెప్పాను. నిన్నమొన్న పప్పు మీద పడితే కొట్టబోయిన మనిషే ఆ మాట అన్నది. సిరిసిల్లాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఒద్దని చెప్పే అన్నా. ఆయినకు సుత పిల్లలుంటరు" అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆలోచనలో పడితే పొట్ట నిమురుకోవడం మేనేజరుకు అలవాటు. చెయ్యి పొట్ట మీద గుండ్రంగా తిరిగింది. అది చూసి ఇద్దరూ టక్కున కూర్చుని తలలు వంచి కుట్టడం మొదలుపెట్టారు. నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను.

"పరదా ఎప్పటికి అవుతుంది?" అన్నాడాయన చివరికి.

"మంచి పనివాళ్లు సాబ్. ఆలస్యమవుతుంది" అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా కారెక్కాడు.

ఆ పరదా పూర్తి కాలేదు. ప్రతి శుక్రవారం ఇద్దరూ కూర్చుని కుట్టేవారు, కుట్టు బాగా రాలేదని విప్పేవారు. చివరికి దాన్ని బయట చాయ్ తాగే చోట నీడకు కట్టాను. తాడు తీసేశాను, మళ్లీ కట్టమని ఎవరూ అనలేదు. అందరూ అన్నదమ్ములైపోయారని నేను చెప్పను. మన కోరుట్లాయన ఒకడు చివరిదాకా వాళ్ల గంటె కడుక్కునే వాడుకున్నాడు. వాళ్లలోనూ అట్లాంటివాళ్లు ఉన్నారు. కాకపోతే తొక్కు మళ్లీ అటు పోయింది, రొట్టెలు ఇటు వచ్చాయి. టీవీ ముందు మొదటి వరసలో వాళ్లిద్దరే మిగిలారు, సౌండు పూర్తిగా పెట్టుకుని. మిగతా రెండు దేశాలూ చెవుల్లో దూది పెట్టుకుని కలిసి బయట కూర్చునేవి. నా సలహా అక్కడి నుంచి వచ్చిందే.

మొన్న జగిత్యాలలో బిడ్డ ఇంటికి పోయి, అటు నుంచే సిరిసిల్ల బస్సెక్కాను. సిరిసిల్లాయన ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయన గల్లీలో కొన్ని సాంచెలు మళ్లీ ఆడుతున్నాయి. గుమ్మంలోకి పోయేముందే వాళ్ల టీవీ వినిపించింది. మళ్లీ అవే వార్తలు, అవే కేకలు. భార్య బీడీల చేట ముందు కూర్చుని, "రా అన్నా, కూసో. ఆయిన ఫోన్ల ఉన్నడు, నువ్వచ్చినట్టు గూడ ఎరుక లేదు" అంది.

ఫోను గోడకు ఆనించి ఉంది. తెరలో తెల్లటి గడ్డంతో ఫైసలాబాదాయన. ఇద్దరికీ ఇప్పుడు బొత్తిగా వినబడదు, ఫోన్లో మాట్లాడి లాభం లేదు. అందుకని మాట్లాడటం లేదు. సిరిసిల్లాయన టీవీ వైపు వేలు చూపించి, రెండు చూపుడువేళ్లు కలిపి టక్కున విడదీశాడు. పోగు మళ్లీ తెగిందని. ముఖంలో బాధ ఉంది, వేళాకోళం లేదు.

తెరలో ఆయన కూడా తన వెనక ఉన్న టీవీ వైపు తిరిగి చూశాడు. అక్కడా కేకలే అయ్యుంటాయి. మా వైపు తిరిగి, అరచెయ్యి పొట్ట ముందు నెమ్మదిగా గుండ్రంగా తిప్పాడు. ఆ తరువాత తల వంచి, గాలిలో బొటనవేలు తిప్పాడు, ముడెయ్యి అని.

సిరిసిల్లాయన నవ్వాడు. తనూ తల వంచి బొటనవేలు తిప్పాడు. అప్పటికి నన్ను చూశాడు. "వచ్చినవా అన్నా, కూసో. చాయ్ తాగు" అన్నాడు. ఆ మాట గల్లీ చివరి దాకా వినిపించి ఉంటుంది.